స్కల్ప్టింగ్ నత్తనడక నడుస్తుంటే: కొత్త కార్డు కొనే ముందు చూసుకోవాల్సినవి

మీరు అడిగింది ఇదీ: బ్లెండర్‌లో (3డీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్) మల్టీరెస్‌తో (బొమ్మని లెవెల్ లెవెల్‌గా సన్నగా విడగొట్టే సదుపాయం) మట్టిని మలిచినట్టు స్కల్ప్ట్ చేసిన ఒకే బస్ట్ (తల, భుజాల బొమ్మ) ఫైలు, దాదాపు 80 లక్షల ఫేసులు (ఉపరితలంలోని చిన్న పలకలు). విండోస్ డెస్క్‌టాప్‌లో పర్వాలేదుగానీ మధ్యమధ్యలో ఒక్కసారిగా బిగుసుకుపోతోంది. ఫ్యాన్ లేని మ్యాక్ ల్యాప్‌టాప్‌లో మొదట హాయిగా నడిచి, కాసేపయ్యాక పడిపోతోంది. లినక్స్ ల్యాప్‌టాప్‌లో అయితే మొదటి స్ట్రోకు నుంచే పెన్ను ముందు, గీత వెనక. జీబ్రష్ (స్కల్ప్టింగ్‌కి వాడే ఇంకో సాఫ్ట్‌వేర్) కూడా వాడతానన్నారు. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేస్తే ఇదంతా పోతుందా అని.

ఇప్పుడే కొనకండి. మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఒక్క సమస్యవి కావు, మూడు వేరువేరు సమస్యలవి, వాటిలో కార్డు మార్చితే పోయేది బహుశా ఒక్కటి కూడా లేదు. స్లో అనే ఒక్క మాట కింద అన్నిటినీ కట్టగట్టేయడం వల్లే చాలామంది డబ్బు పెట్టి కూడా ఉన్నచోటే ఉంటున్నారు. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు లోపల జరిగేదేంటో చూద్దాం. మీరు పెన్ను ఆనించి లాగిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ బ్రష్ కింద ఏయే వెర్టెక్సులు (ఫేసుల మూలల్లోని బిందువులు) పడ్డాయో వెతుకుతుంది, వాటిని జరుపుతుంది, చుట్టుపక్కల నార్మల్స్ (ఉపరితలం ఎటు తిరిగి ఉందో చెప్పే దిశలు) మళ్లీ లెక్కేస్తుంది, అన్‌డూ కోసం పాత స్థితిని పక్కన దాస్తుంది, ఆ తర్వాతే మారిన ముక్కని కార్డుకి పంపి బొమ్మ వేయమంటుంది. ఈ వరసలో చివరి అడుగు తప్ప మిగతాదంతా ప్రాసెసరు, ర్యామ్ పని. సైకిల్స్‌లో (బ్లెండర్‌లో తుది బొమ్మ తయారుచేసే భాగం) రెండర్ పెట్టినప్పుడు కార్డు ఎంత బాగా పనికొస్తుందో చూసి, స్కల్ప్టింగ్‌కి కూడా అదే దిక్కు అనుకుంటాం, కానీ ఇక్కడి లెక్క వేరు. జీబ్రష్ అయితే ఇంకా ముందుకెళ్లి, తెర మీద బొమ్మ వేసే పని కూడా ప్రాసెసరుతోనే చేయిస్తుంది. అందుకే జీబ్రష్ వాడేవాళ్లు స్కల్ప్టింగ్ వేగం కోసం పెద్ద కార్డు కొంటే తేడా ఏమీ కనిపించదు.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఏ రకం స్లో అన్నది తేల్చాలి. సెట్టింగులేవీ ముట్టుకోకుండా, మూడు మెషీన్లలోనూ ఇవే పరీక్షలు ఇదే వరసలో చేయండి.

బ్రష్ ముట్టుకోకుండా బొమ్మని ఊరికే తిప్పండి. తిప్పుతుంటేనే తడబడితే అది బొమ్మ వేసే వైపు సమస్య. అప్పుడు బ్లెండర్ విండోని తెరలో నాలుగో వంతుకి కుదించి మళ్లీ తిప్పండి. విండో చిన్నదవగానే సాఫీగా తిరిగితే పిక్సెళ్ల భారం, అంటే 4కే మానిటర్‌నో రెటీనా తెరనో చిన్న కార్డు మోయలేకపోతోంది. కుదించినా అలాగే ఉంటే పిక్సెళ్ల తప్పు కాదు, జామెట్రీ బరువు.

తిప్పడం బాగానే ఉండి, గీస్తేనే ఆలస్యమైతే, బ్రష్‌ని బాగా చిన్నది చేసి ముక్కు కొన మీద గీయండి, తర్వాత బాగా పెద్దది చేసి చెంప మొత్తం మీద గీయండి. పెద్ద బ్రష్‌కే ఆలస్యం అంటే అది మామూలు సంగతి, ఎందుకంటే బ్రష్ వ్యాసార్థం రెట్టింపైతే దాని కింద పడే వెర్టెక్సులు నాలుగు రెట్లవుతాయి. పెద్ద పెద్ద ఆకారాలు మార్చేటప్పుడు మల్టీరెస్‌లో కింది లెవెల్‌కి దిగి చేయమనేది ఇందుకే. చిన్న బ్రష్‌కి కూడా అంతే ఆలస్యం ఉంటే మాత్రం అనుమానించాల్సింది వెర్టెక్సుల సంఖ్యని కాదు, ఇంకేదో ప్రతి స్ట్రోకుకీ అడ్డం పడుతోంది: మాడిఫయర్ (బొమ్మ మీద ఆటోమేటిక్‌గా పనిచేసే మార్పు), షేప్ కీ (అదే బొమ్మకి దాచిపెట్టిన ఇంకో ఆకారం), లేదా పెన్ను డ్రైవర్.

ఆ పెన్ను సంగతి తేల్చడానికి పెన్ను పక్కన పెట్టి అదే స్ట్రోకు మౌస్‌తో గీయండి. మౌస్‌తో వెంటనే పడి, పెన్నుతో ఆలస్యంగా పడితే సమస్య స్కల్ప్టింగ్‌లో లేనే లేదు. ఈ ఒక్క పరీక్ష ఎవరూ చేయరు, అర నిమిషం పట్టదు, సగం టెన్షన్ ఇక్కడే తీరిపోతుంది.

చివరగా, బిగుసుకుపోవడం ఎప్పుడెప్పుడు వస్తోందో గడియారం పెట్టుకుని చూడండి. సమానమైన వ్యవధిలో వస్తే ఆటోసేవ్ లాంటిది. అప్పుడప్పుడు, అందులోనూ పని చేసేకొద్దీ దగ్గర దగ్గరగా వస్తే ర్యామ్ నిండుతోంది. మొదట బాగుండి తర్వాత నెమ్మదించి ఇక అలాగే ఉండిపోతే వేడి.

ఈ పరీక్షలు చేస్తున్నప్పుడు పక్కన మానిటరింగ్ విండో తెరిచి పెట్టుకుంటారు కదా, అక్కడ ఒక పెద్ద తికమక ఉంది. విండోస్ టాస్క్ మేనేజర్ మొత్తం ప్రాసెసరుని 100 శాతంగా చూపిస్తుంది. 16 థ్రెడ్లున్న (ప్రాసెసరు ఒకేసారి నడపగల పనుల వరసలు) మెషీన్‌లో ఒక థ్రెడ్ పూర్తిగా నలిగిపోతున్నా అక్కడ కనిపించేది 6 శాతం చిల్లర. అది చూసి ‘ప్రాసెసరు ఖాళీగానే ఉంది, కార్డే చాలట్లేదు’ అని తేల్చేసుకుంటారు. మ్యాక్‌లో యాక్టివిటీ మానిటర్, లినక్స్‌లో టాప్ కమాండ్ దీనికి తలకిందులు, అక్కడ ఒక్కో కోర్‌ని 100గా లెక్కేస్తారు, కాబట్టి అదే పని 100 శాతంగా కనిపిస్తుంది, అన్ని కోర్లూ పనిచేస్తే 800 కూడా రావచ్చు. అంటే ఒకే భారం ఒకచోట 6, ఇంకోచోట 100. మూడు సిస్టమ్‌లని పోల్చేటప్పుడు ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూడొద్దు. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్స్ పెట్టండి, ఏదో ఒక్క గడి మాత్రమే పైదాకా నిండుతుంటే ఒకే థ్రెడ్ మీద నడిచే పని మిమ్మల్ని ఆపుతోందని అర్థం. అక్కడే గిగాహెర్ట్జ్ అంకె కూడా ఉంటుంది, పని చేస్తుండగా అది బేస్ స్పీడ్ కన్నా కిందికి పడిపోతుంటే వేడో, పవర్ సెట్టింగో.

పోల్చడానికి మీ బస్ట్ ఫైలు కూడా పనికిరాదు, అందులో ఏమేం ఉన్నాయో తెలియదు. కొత్త ఫైలు తెరిచి, మామూలు క్యూబ్‌కి మల్టీరెస్ పెట్టి 9 సార్లు సబ్‌డివైడ్ చేయండి. 6 ఫేసులు ఒక్కో లెవెల్‌కి నాలుగు రెట్లవుతూ 15,72,864 దగ్గర ఆగుతాయి. ఇంకొక్కసారి చేస్తే 62,91,456. అందరికీ ఒకేలా వచ్చే, ఏ చెత్తా లేని ఫైలు ఇది. దీని మీద డ్రా బ్రష్‌తో గీయండి. బ్లెండర్ వెర్షన్ మూడింట్లోనూ ఒకటే ఉండాలి, ఇది మర్చిపోవద్దు, ఎందుకంటే 4.3 నుంచి స్కల్ప్ట్ మోడ్ లోపలి నిర్మాణం చాలా మార్చారు, ఒకచోట 3.6, ఇంకోచోట 4.5 పెట్టుకుని సిస్టమ్‌లని పోలిస్తే ఆ పోలికకి అర్థం లేదు. క్యూబ్ సాఫీగా నడిచి బస్ట్ నడవకపోతే తప్పు ఫైలుది. క్యూబ్ కూడా నడవకపోతే తప్పు మెషీన్‌ది.

ఫైలు సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే ఎక్కువ రోగాలు ఇక్కడే ఉంటాయి.

మీ బేస్ మెష్ 8,000 ఫేసులు అనుకుంటే లెవెల్ 5కి 81,92,000 అవుతుంది. లెవెల్ 6 నొక్కితే 3 కోట్ల 27 లక్షలు. ఒక్కో వెర్టెక్సు స్థానానికే 12 బైట్లు, అంటే కోటి వెర్టెక్సులకి స్థానాలే 120 ఎంబీ, దాని మీద నార్మల్స్, మాస్కు (బ్రష్ తగలకుండా కప్పిన భాగం), ఫేస్ సెట్లు (ఫేసుల గుంపులు), కార్డులో ఇంకో కాపీ, అన్‌డూ. చర్మం మీద రంధ్రాల కోసం లెవెల్ 6కి వెళ్లేవాళ్లు ఆ పని చివర్లో చేసుకోవాలి, లేదా డిస్‌ప్లేస్‌మెంట్ టెక్స్చర్‌తో కానివ్వాలి. మధ్యలోనే పైకెక్కి అక్కడే కూర్చుని దవడ సరిచేయబోతే ఏ మెషీనూ మోయదు.

మల్టీరెస్‌తో పాటు ఆ ఆబ్జెక్ట్ మీద ఆర్మేచర్‌గానీ (బొమ్మని కదిపే ఎముకల చట్రం, అంటే రిగ్), సబ్‌డివిజన్ సర్ఫేస్‌గానీ, ఇంకేదైనా మాడిఫయర్‌గానీ వేలాడుతోందేమో చూడండి. ఉంటే వ్యూపోర్ట్‌లో (పని చేసే 3డీ కిటికీ) ఆపేయండి. షేప్ కీలు కూడా అంతే. పోజు ఇచ్చిన క్యారెక్టర్‌ని రిగ్‌తో సహా తెచ్చి స్కల్ప్ట్ చేస్తూ ‘ఎందుకింత లాగ్’ అని తల పట్టుకునేవాళ్లు చాలామంది. రిగ్ లేని కాపీ ఒకటి వేరే ఫైలులో పెట్టుకుంటే చాలు.

డైన్‌టోపో (గీస్తుండగానే మెష్‌ని మార్చే పద్ధతి) వాడుతుంటే ఇంకో సంగతి. అది ప్రతి స్ట్రోకుకీ త్రిభుజాలని విడగొడుతూ, కలుపుతూ పోతుంది కాబట్టి అదే సంఖ్యకి మల్టీరెస్ కన్నా బరువు. పైగా డీటెయిల్ రిలేటివ్‌లో ఉంటే మీరు ఎంత దగ్గరికి జూమ్ చేస్తే అంత సన్నగా కోస్తుంది. కంటి రెప్ప దగ్గరికి వెళ్లి నాలుగు గీతలు గీసి వెనక్కి వస్తే, ఆ కాస్త చోటులోనే లక్షల త్రిభుజాలు పడుంటాయి. స్టాటిస్టిక్స్ ఓవర్‌లే ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, అంకె ఒక్కసారిగా ఎగబాకితే వెంటనే తెలుస్తుంది. నా మట్టుకు నేను కాన్‌స్టంట్‌లో పెట్టుకోమనే చెప్తాను.

వోక్సెల్ రీమెష్ (బొమ్మ మొత్తాన్ని ఒకే సైజు గళ్లతో మళ్లీ కట్టే ఆప్షన్) నొక్కగానే మెషీన్ మొత్తం బిగుసుకుపోతే కొలత చూడండి. ఇది చాలా తరచుగా జరుగుతుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో మిల్లీమీటర్లలో చేసిన 1.7 మీటర్ల మనిషి బొమ్మ ఇక్కడికి 1,700 మీటర్ల ఎత్తుతో దిగుతుంది. మనిషి ఒంటి ఉపరితలం సుమారు 1.9 చదరపు మీటర్లు. కొలత వెయ్యి రెట్లైతే ఉపరితలం పది లక్షల రెట్లు, అంటే 19 లక్షల చదరపు మీటర్లు. దాని మీద 0.1 మీటర్ వోక్సెల్ పెడితే దాదాపు 19 కోట్ల ఫేసులు కావాలి. అది హ్యాంగ్ కాదు, మీరు అడిగిన పనే అది చేస్తోంది. అదే బొమ్మ సరైన కొలతలో ఉంటే అదే 0.1కి 200 ఫేసులు కూడా రావు. ముందు స్కేల్ సరిచేసి, అప్లై చేసి, అప్పుడు వోక్సెల్ సైజు ఎంచుకోండి. సైజు సగం చేసిన ప్రతిసారీ ఫేసులు నాలుగు రెట్లని గుర్తుంచుకుంటే చాలు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వైర్‌ఫ్రేమ్ ఓవర్‌లే, క్యావిటీ, షాడో ఆపండి. మెటీరియల్ ప్రివ్యూలో కాకుండా సాలిడ్‌లో చేయండి. సిమెట్రీ ఒక యాక్సిస్‌కి పని రెట్టింపు, మూడిటికీ పెడితే 8 రెట్లు. ఆటోమాస్కింగ్‌లో క్యావిటీ, టోపాలజీ ఊరికే ఆన్‌లో వదిలేయొద్దు. క్లాత్ బ్రష్‌కి సిమ్యులేషన్ ఏరియా గ్లోబల్‌లో ఉంటే మెష్ మొత్తం లెక్కలోకి వస్తుంది, లోకల్‌లో పెట్టండి. పని చేయని భాగాలని ఫేస్ సెట్ల సాయంతో దాచేయండి, మాస్కు వేస్తే ఆ భాగం కదలదుగానీ దాన్ని తెర మీద గీయక తప్పదు. తిప్పేటప్పుడే బరువుగా ఉంటే స్కల్ప్ట్ ఆప్షన్లలో ఫాస్ట్ నావిగేట్ ఆన్ చేయండి, తిప్పుతున్నంతసేపూ మల్టీరెస్ తక్కువ లెవెల్ చూపిస్తుంది, ఆపగానే మళ్లీ వివరాలు వస్తాయి. యాడ్-ఆన్‌ల మీద అనుమానం ఉంటే ఫ్యాక్టరీ సెట్టింగులతో ఒకసారి తెరిచి చూడండి.

ఇక మీ లినక్స్ ల్యాప్‌టాప్. మొదటి స్ట్రోకు నుంచే లాగ్ అన్నారు కాబట్టి నా అనుమానం మొత్తం డ్రైవర్ మీదే. టెర్మినల్‌లో గ్లెక్స్‌ఇన్ఫో (glxinfo) కమాండ్ కొట్టి రెండరర్ అన్న లైను చదవండి. అక్కడ మీ కార్డు పేరు ఉండాలి. దాని బదులు ఎల్‌ఎల్‌వీఎమ్‌పైప్ (llvmpipe) అని కనిపిస్తే కార్డు అసలు వాడుకలోనే లేదు, ప్రాసెసరే ఒక్కో పిక్సెలూ వేస్తోంది, అటు స్కల్ప్టింగ్ లెక్కలూ ఇటు బొమ్మా రెండూ దాని నెత్తినే. ఇందులో చిక్కేంటంటే డెస్క్‌టాప్ మామూలుగానే కనిపిస్తుంది, బ్రౌజర్ తెరుచుకుంటుంది, వీడియో ఆడుతుంది, ఎక్కడా ఎర్రర్ రాదు, ఒక్క బ్లెండర్ మాత్రం పాకుతుంది. ఎన్‌విడియా కార్డుల్లో ఇది కెర్నల్ అప్‌డేట్ తర్వాత తరచుగా వస్తుంది: సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే భద్రతా సెట్టింగు) ఆన్‌లో ఉండి, కొత్త కెర్నల్‌కి కట్టిన డ్రైవర్ మాడ్యూల్‌కి సంతకం లేకపోతే కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. ‘నిన్నటిదాకా బాగానే ఉంది, నేనేం మార్చలేదు’ అని అనిపించేది ఇలాంటప్పుడే. మాడ్యూల్‌కి సంతకం కీ నమోదు చేయించడమే సరైన దారి.

ఆ లైనులో ఇంటెల్ పేరో, ప్రాసెసరులోనే ఉన్న చిన్న గ్రాఫిక్స్ పేరో కనిపిస్తే, ల్యాప్‌టాప్‌లో రెండు జీపీయూలున్నాయి, బ్లెండర్ చిన్నదాని మీద నడుస్తోందని అర్థం. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో ఐకాన్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్రీట్ గ్రాఫిక్స్ కార్డుతో తెరిచే ఆప్షన్ ఉంటుంది, కొన్ని డిస్ట్రోల్లో ప్రైమ్-రన్ అనే కమాండ్ ముందు పెట్టి నడపాలి. నూవో (ఎన్‌విడియా కార్డులకి బయటివాళ్లు రాసిన ఓపెన్ సోర్స్ డ్రైవర్) పేరు కనిపిస్తే ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేసుకోండి.

ఫ్లాట్‌ప్యాక్‌గానో స్నాప్‌గానో (లినక్స్‌లో యాప్‌లని విడి ప్యాకేజీగా ఇచ్చే పద్ధతులు) బ్లెండర్ వేసుకుని ఉంటే, దాన్ని అలాగే ఉంచి, అధికారిక సైటు నుంచి ఆర్కైవ్ ఫైలు దించి, విప్పి, అందులోంచి నేరుగా నడిపి చూడండి. ఫ్లాట్‌ప్యాక్‌లో ఎన్‌విడియాకి వేరే రన్‌టైమ్ ముక్క ఉంటుంది, దాని వెర్షన్ సిస్టమ్ డ్రైవర్‌తో కలవకపోతే మొదటికే మోసం వస్తుంది.

పవర్ మోడ్ చూడండి, పవర్ సేవర్‌లో ఉంటే ప్రాసెసరు పూర్తి వేగానికి వెళ్లదు. పెన్ను ప్రెషర్ తేడాగా ఉంటే, లాగిన్ తెరలో వేలాండ్‌తో పాటు ఎక్స్11 సెషన్ (తెరని నడిపే రెండు పద్ధతులు ఇవి) కూడా ఉంటే రెండింట్లోనూ గీసి పోల్చండి.

లినక్స్‌లోనే ఇంకొకటి, ఇది చాలామందికి తెలియదు, తెలిసేసరికి చాలా పని పోగొట్టుకుని ఉంటారు. బ్లెండర్ ఆటోసేవ్ ఫైళ్లు టెంపరరీ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ఫెడోరా, ఆర్చ్ లాంటి వాటిలో ఆ ఫోల్డర్ డిస్కు మీద ఉండదు, ర్యామ్‌లోనే ఉంటుంది. అంటే ఒక్కో పెద్ద ఆటోసేవ్ మీ ర్యామ్‌నే తింటుంది. ర్యామ్ నిండి మెషీన్ బిగుసుకుపోయి మీరు పవర్ బటన్ నొక్కి రీస్టార్ట్ చేస్తే, కాపాడాల్సిన ఆ ఆటోసేవ్ కూడా పోతుంది. ప్రిఫరెన్సెస్‌లో ఫైల్ పాత్స్ కింద టెంపరరీ ఫోల్డర్‌ని డిస్కు మీద ఉన్న మీ సొంత ఫోల్డర్‌కి మార్చండి. ఈ రోజే మార్చండి. చెప్పాపెట్టకుండా బ్లెండర్ మాయమైపోతుంటే జర్నల్‌సీటీఎల్‌లో (journalctl, సిస్టమ్ లాగ్ చూపే కమాండ్) అవుట్ ఆఫ్ మెమరీ అన్న లైను కోసం వెతకండి, కెర్నలే దాన్ని ఆపేసి ఉంటుంది. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) అసలే లేకుండా నడుపుతుంటే కొంత పెట్టుకోండి.

విండోస్ డెస్క్‌టాప్‌లో మధ్యమధ్యలో బిగుసుకుపోవడం గురించి. బ్లెండర్ ఆటోసేవ్ డిఫాల్ట్‌గా 2 నిమిషాలకోసారి. మీ గడియారం పరీక్షలో ఆ వ్యవధే వస్తే ప్రిఫరెన్సెస్‌లో దాన్ని పెంచి, బదులుగా మీరే అలవాటుగా సేవ్ చేస్తూ ఉండండి, పూర్తిగా మాత్రం ఆపొద్దు. ఫైలు డాక్యుమెంట్స్‌లోనో డెస్క్‌టాప్ మీదో ఉండి, ఆ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతుంటే, మీరు సేవ్ కొట్టిన ప్రతిసారీ వందల ఎంబీల ఫైలు పైకి ఎక్కడం మొదలవుతుంది. పని చేసే ఫోల్డర్‌ని సింక్ లేని చోటికి మార్చుకోండి. బ్యాకప్ కావాలి, కానీ అది పని అయ్యాక. డిఫెండర్ స్కాన్ అడ్డుపడుతుంటే ఆ ఒక్క ప్రాజెక్టు ఫోల్డర్‌ని మినహాయించండి, యాంటీవైరస్‌నే ఆపేయమని ఎవరైనా చెప్తే వినొద్దు.

టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరవండి. స్లాట్స్ యూజ్డ్ దగ్గర ‘4లో 1’ అనో ‘2లో 1’ అనో ఉంటే మీ ర్యామ్ ఒకే ఛానెల్ మీద నడుస్తోంది. స్కల్ప్టింగ్ అంటే లక్షల వెర్టెక్సులని ర్యామ్‌లోంచి తీయడం, పెట్టడం, కాబట్టి ఆ దారి సగానికి తగ్గిపోతే బ్రష్ దగ్గర తెలుస్తుంది. 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉండటం కన్నా 8 జీబీలవి రెండు ఉండటం మేలు. స్పీడ్ అంకె మీరు కొన్న ర్యామ్ మీద రాసినదానికన్నా తక్కువ ఉంటే బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపే సెట్టింగు) ఆన్ చేయలేదన్నమాట. ఆ పేజీలోనే కమిటెడ్ అంకె మొత్తం ర్యామ్‌ని దాటి పోతుంటే పేజ్ ఫైలులోకి (డిస్కు మీది అదనపు చోటు) ఒలుకుతూ ఉండొచ్చు, బిగుసుకుపోవడానికి అదే కారణం కావచ్చు. పక్కన బ్రౌజర్‌లో రిఫరెన్సు బొమ్మలతో నలభై ట్యాబులు తెరిచి పెట్టుకుంటే ఆ వాటా కూడా తక్కువేం కాదు.

విండోస్ ల్యాప్‌టాప్ వాడేవాళ్లయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్ కింద బ్లెండర్‌ని హై పెర్ఫార్మెన్స్‌కి మార్చాలి. ఏ జీపీయూ నిజంగా వాడుతోందో తెలుసుకోవడానికి బ్లెండర్ హెల్ప్ మెనూలో సేవ్ సిస్టమ్ ఇన్ఫో ఉంది, మూడు సిస్టమ్‌లలోనూ పనిచేస్తుంది, ఆ ఫైలులో రెండరర్ పేరు రాసి ఉంటుంది.

పెన్ను విషయంలో విండోస్‌కి సొంత గోల ఉంది. బ్లెండర్ ప్రిఫరెన్సెస్‌లో ఇన్‌పుట్ కింద టాబ్లెట్ ఏపీఐ ఉంటుంది: ఆటోమేటిక్, విండోస్ ఇంక్, విన్‌టాబ్. ఒక్కోటీ మార్చి గీసి చూడండి, డ్రైవర్‌లో విండోస్ ఇంక్ టిక్ ఉందో లేదో దానికి తగ్గట్టు ఇక్కడ ఉండాలి. పెన్ను ఆనించగానే చిన్న వలయం తిరిగి, ఆ తర్వాత గీత మొదలైతే అది విండోస్ వాళ్ల నొక్కి పట్టుకుంటే రైట్ క్లిక్ అన్న ఆప్షన్, పెన్ సెట్టింగుల్లో ఆపేయండి. పాత టాబ్లెట్ డ్రైవర్ తీయకుండా కొత్త టాబ్లెట్‌ది పైన వేస్తే రెండూ కొట్టుకుంటాయి, రెండూ తీసేసి, రీస్టార్ట్ చేసి, వాడేది ఒక్కటే వేయండి.

ఇంకో మాట, ఇది ఏ సిస్టమ్‌లోనైనా: గీత పెన్ను వెనక మెత్తగా, తాడు కట్టి లాగినట్టు వస్తుంటే అది లాగ్ కాకపోవచ్చు. స్టెబిలైజ్ స్ట్రోక్ ఆన్ అయి ఉంటుంది. బ్లెండర్‌లో షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కితే అది ఆన్ అవుతుంది, సేవ్ చేయబోయి కంట్రోల్ బదులు షిఫ్ట్ తగిలినా చాలు. డిఫాల్ట్‌గా 75 పిక్సెళ్ల వెనకగా గీత వస్తుంది. జీబ్రష్‌లో లేజీమౌస్ ఇదే పని చేస్తుంది. మీ లినక్స్ మెషీన్‌లో డ్రైవర్ వేటకి దిగే ముందు ఈ టిక్ ఒకసారి చూసేయండి.

మ్యాక్ సంగతి తేలిక. ఫ్యాన్ లేదు, మొదట బాగుండి తర్వాత పడిపోతోందంటే చిప్ వేడెక్కి తనంతట తనే వేగం తగ్గించుకుంటోంది. అది తయారీలో ఉన్న పరిమితి, సెట్టింగుతో పోదు. చేయగలిగిందల్లా భారం తగ్గించడం: ఒక లెవెల్ కింద పని చేయడం, బయటి మానిటర్ రిజల్యూషన్ తగ్గించడం, ఒడిలోనో పరుపు మీదో కాకుండా గట్టి బల్ల మీద పెట్టడం. కానీ వేడి అని తేల్చే ముందు మూడు చూడండి. యాక్టివిటీ మానిటర్‌లో ప్రాసెసర్ ట్యాబులో కైండ్ అనే కాలమ్ ఉంటుంది, బ్లెండర్ పక్కన ఆపిల్ అని ఉండాలి. ఇంటెల్ అని ఉంటే మీరు తప్పు ఫైలు దించుకుని రోసెట్టా (ఇంటెల్ ప్రోగ్రాములని అనువదించి నడిపేది) మీద నడుపుతున్నారు, ఆపిల్ సిలికాన్ బిల్డ్ వేరుగా ఉంటుంది, 2.93 నుంచీ ఉంది. వ్యూపోర్ట్ మెటల్ (ఆపిల్ సొంత గ్రాఫిక్స్ వ్యవస్థ) మీద నడవడం 3.5తో వచ్చింది, కాబట్టి అంతకన్నా పాతది వాడొద్దు. రెండోది, మెమరీ ట్యాబులో ప్రెషర్ గ్రాఫ్. ఆకుపచ్చగా ఉంటే సరే, పసుపు నుంచి ఎరుపుకి పోతుంటే ర్యామ్ చాలట్లేదు, ఎందుకంటే అక్కడ ప్రాసెసరు, జీపీయూ ఒకే ర్యామ్‌ని పంచుకుంటాయి, 8 జీబీ మ్యాక్‌లో కార్డుకంటూ వేరే మెమరీ లేదు. మూడోది, బ్యాటరీ సెట్టింగుల్లో లో పవర్ మోడ్.

మ్యాక్‌ఓఎస్ అప్‌డేట్ అయిన మర్నాడు పెన్ను ప్రెషర్ పోతే ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో యాక్సెసిబిలిటీ, ఇన్‌పుట్ మానిటరింగ్ కింద టాబ్లెట్ డ్రైవర్‌కి అనుమతి తీసేసి మళ్లీ ఇవ్వండి. అప్‌డేట్ అయ్యాక స్పాట్‌లైట్ ఇండెక్సింగ్ కూడా కొంతసేపు నడుస్తుంది, ఆ సమయంలో కొలతలు తీయొద్దు.

జీబ్రష్ కూడా వాడతానన్నారు కాబట్టి ఒక్క పేరా. అందులో అన్‌డూ హిస్టరీ ప్రాజెక్టు ఫైలుతో పాటే సేవ్ అవుతుంది, అందుకే సేవ్‌కి యుగాలు పడుతుంటే ఒక మైలురాయి దాటాక ఎడిట్ మెనూలో ఆ హిస్టరీ తీసేయండి, ముందు వేరే పేరుతో ఒక కాపీ పెట్టుకుని. డైనమిక్ సోలో ఆన్ చేస్తే తిప్పేటప్పుడు మిగతా సబ్‌టూల్స్ (బొమ్మలోని విడి భాగాలు) దాక్కుంటాయి. డాక్యుమెంట్ సైజు అవసరానికి మించి పెద్దదిగా పెట్టొద్దు, అక్కడ ఒక్కో పిక్సెలూ ప్రాసెసరే వేస్తుంది. లినక్స్‌కి దాని సొంత వెర్షన్ లేదు, వైన్ (విండోస్ ప్రోగ్రాములని లినక్స్‌లో నడిపేది) మీద నడిపి స్లో అంటే పోల్చడానికి ఏమీ ఉండదు.

ఇవన్నీ అయ్యాక కూడా డబ్బు పెట్టక తప్పదంటే, మీ ఫైళ్ల సైజు చూస్తే మొదట పెట్టాల్సింది డెస్క్‌టాప్ ర్యామ్ మీద, జంటగా, 32 జీబీకి. తర్వాత ప్రాసెసరు. తిప్పే పరీక్షలో తడబడి, విండో కుదించగానే సాఫీ అయితేనే కార్డు గురించి ఆలోచించండి. లినక్స్ ల్యాప్‌టాప్‌లో గ్లెక్స్‌ఇన్ఫో రెండరర్ లైను, డెస్క్‌టాప్‌లో మెమరీ పేజీ అంకెలు, క్యూబ్ పరీక్షలో లెవెల్ 9 ఎలా నడిచిందో రాయండి, అవి చూస్తే ఏది ముందు సరిచేయాలో కచ్చితంగా చెప్పగలను.